వినబడిన కాల్‌సైన్ల పట్టీ: తొలినాటి అమెచ్యూర్ రేడియో, దాన్ని పెంచిన పత్రికలు

మీరు అడిగింది ఇది: "1900 తర్వాత తొలి రోజుల్లో కోర్సులు లేవు, టీచర్లు లేరు. అయినా హైస్కూలు పిల్లలు ఇళ్లలో వైర్‌లెస్ సెట్లు చేసుకున్నారంటారు. అదంతా పత్రికల పుణ్యమే అంటారు. నాకేమో ఆ పత్రికలు సామాన్లు అమ్ముకోడానికి వేసిన కేటలాగుల్లా కనిపిస్తున్నాయి. ఏది నిజం?"

రెండూ నిజమే. నేను అమెచ్యూర్ రేడియో లైసెన్సు తీసుకుని, అంటే జీతానికి కాక సరదాకి సొంత స్టేషన్ నడుపుతూ, ముప్పై ఏళ్లు దాటింది. ఆ కాలం సంచికలు స్కాన్ చేసి నెట్‌లో పెట్టిన దగ్గర్నుంచి రాత్రిళ్లు కూర్చుని వరసగా చదువుతున్నాను. నాకు అర్థమైనంతలో, పత్రిక దుకాణంగానే మొదలైంది. కొద్ది ఏళ్లలోనే పాఠకులు దాన్ని తమ చేతుల్లోకి తీసుకుని వేరే పనికి వాడుకున్నారు. ఆ మార్పు కనిపించేది సంపాదకీయాల్లో కాదు, సర్క్యూట్ బొమ్మల్లోనూ కాదు. వెనక పేజీల్లో సన్నటి అక్షరాల్లో వేసే ఒక పట్టీలో. ఈ నెల ఏ ఊళ్లో ఎవరికి ఏయే కాల్‌సైన్లు, అంటే స్టేషన్లని గుర్తుపట్టే అక్షరాలు అంకెల పేర్లు, వినబడ్డాయి అన్నదే ఆ పట్టీ. చూడ్డానికి టెలిఫోన్ డైరెక్టరీలా ఉంటుంది. చాలామంది తిప్పేసి వెళ్లిపోతారు. నా లెక్కలో మొత్తం కథకి అదే గుండెకాయ. అక్కడికి రావాలంటే ముందు దుకాణం సంగతి చెప్పాలి.

హ్యూగో గెర్న్స్‌బ్యాక్ 1884లో లక్సెంబర్గ్‌లో పుట్టి, 1904లో అమెరికా చేరాడు. న్యూయార్క్‌లో ఎలక్ట్రో ఇంపోర్టింగ్ కంపెనీ పెట్టి యూరప్ నుంచి ఎలక్ట్రికల్ సామాను తెప్పించి పోస్టులో అమ్మేవాడు. ఆ కంపెనీ పేరులోని అక్షరాలనే కలిపి టెలిమ్కో అని ఒక వైర్‌లెస్ సెట్టు తయారు చేశాడు. 1906 జనవరిలో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో దాని ప్రకటన వచ్చింది. ధర పది డాలర్ల లోపే. ఒక మైలు దూరం దాకా పనిచేస్తుందని అందులో రాశాడు. మార్కోని అట్లాంటిక్ మీదుగా ఎస్ అనే ఒక్క అక్షరాన్ని అందుకున్నది 1901 డిసెంబర్ 12న. అంటే నాలుగేళ్లు దాటగానే ఆ విద్య పోస్టు పార్సిల్లో ఇంటికి వచ్చేసింది.

పెట్టెలో ఏముండేదో చెబుతాను, ఎందుకంటే ఆ పిల్లల చేతికి మొదట దొరికింది ఇదే. ఒక అంగుళం నిప్పురవ్వ వచ్చే స్పార్క్ కాయిల్, కీ, నాలుగు డ్రై సెల్స్. ఇవి పంపడానికి. కీ నొక్కితే రెండు ఇత్తడి గుండ్ల మధ్య రవ్వ ఎగురుతుంది, ఆ రవ్వ ఏరియల్ తీగలో అలలు లేపుతుంది. అందుకునే వైపు కోహీరర్, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని నడిపే స్విచ్చి), గంట. కోహీరర్ అంటే గాజు గొట్టంలో పోసిన లోహపు రజను, అంతే. అల తగలగానే రజను రేణువులు ఒకదానికొకటి కరుచుకుని కరెంటును పోనిస్తాయి. గంట మోగుతుంది. ఆ గంట సుత్తే వెనక్కి వచ్చేటప్పుడు గొట్టాన్ని తట్టి రజనును విడదీస్తుంది, మళ్లీ ఇంకో అల కోసం సిద్ధం. ట్యూనింగ్ లేదు, మాట లేదు, పాట లేదు. వీధి చివర స్నేహితుడు కీ నొక్కితే మీ ఇంట్లో గంట మోగుతుంది. మధ్యలో తీగ ఉండదు. పదమూడేళ్ల కుర్రాడికి ఆ రోజుల్లో ఇంతకంటే ఏం కావాలి?

1908 ఏప్రిల్‌లో గెర్న్స్‌బ్యాక్ మోడరన్ ఎలక్ట్రిక్స్ అనే మాసపత్రిక మొదలుపెట్టాడు. కేటలాగుల్లో రాసుకుంటూ వచ్చిన వివరణలే పెరిగి పెద్దవై పత్రికయ్యాయి అనుకోవచ్చు. ప్రకటనల పేజీల్లో ఆయన కంపెనీ సామాన్లే ఎదురవుతాయి. కాబట్టి మీ అనుమానం తప్పు కాదు. 1909లో వైర్‌లెస్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా అని సంఘం కూడా పెట్టాడు, రుసుము లేకుండా. ఏడాది తిరిగేసరికి పదివేల మంది చేరారని ఆయన పత్రికే రాసుకుంది. సంఘంలో చేరిన ప్రతివాడూ రేపు కాయిల్ కొనే మనిషే కదా.

అయితే అదే పత్రిక, కొనలేనివాడు ఇంట్లో ఎలా చేసుకోవచ్చో కూడా చెప్పింది. దీనికి నేను గెర్న్స్‌బ్యాక్‌కి మనస్ఫూర్తిగా దండం పెడతాను. ఓట్స్ అమ్మే గుండ్రటి అట్టడబ్బా మీద తీగ చుడితే ట్యూనింగ్ కాయిల్. పాత ఫొటో గాజు పలకల మీద తగరపు రేకు అంటిస్తే కండెన్సర్. కర్టెన్ కట్టే ఇత్తడి కడ్డీ కాయిల్ మీద జారే స్లైడర్. తర్వాత ఫోర్డ్ కార్లు ఊరూరా వచ్చాక, ఆ కారు ఇగ్నిషన్ కాయిలే ట్రాన్స్‌మిటర్‌కి గుండె అయింది. పాఠకులు ప్రశ్నలు పంపితే జవాబులు అచ్చయ్యేవి. సొంత స్టేషన్ ఫొటో తీసి పంపితే బహుమతి ఇచ్చేవారు. ఆ ఫొటోలు చూడండి. అటకమీద ఇరుకు బల్ల, గోడకి వేలాడే తీగలు, చెవులకి ఫోన్లు పెట్టుకుని కెమెరా వైపు చూసే కుర్రాడు. ఎక్కడో ఊరి చివర తానొక్కడే ఈ పిచ్చిలో ఉన్నాననుకున్నవాడికి, తనలాంటి వాళ్లు వందల్లో ఉన్నారని నెలనెలా తెలిసేది.

కోహీరర్ ఎక్కువ కాలం నిలవలేదు. దాని స్థానంలో స్ఫటికం వచ్చింది. సీసపు ఖనిజం గెలీనా ముక్క మీద సన్నటి తీగ మొన ఆనిస్తే, అది అలను ఒకవైపే పోనిస్తుంది. చెవిలో శబ్దం వస్తుంది. బ్యాటరీ అవసరం లేదు. ఇక్కడ మనవాళ్ల పేరు ఒకటి చెప్పుకోవాలి. గెలీనాతో విద్యుత్ తరంగాలను పట్టే పరికరానికి అమెరికాలో 1904లో పేటెంటు పొందింది కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీ ప్రొఫెసర్ జగదీశ్ చంద్ర బోస్. పేటెంట్ల మీద ఆయనకి ఆసక్తి లేదు, దాన్ని అమ్ముకోనూ లేదు. కానీ ఆ తర్వాత అమెరికా అటకల మీద లక్షల చెవులు విన్నది అలాంటి రాయి ముక్కతోనే.

నేను చిన్నప్పుడు మొదట చేసిన క్రిస్టల్ సెట్టులో (ఇలా స్ఫటికంతో, బ్యాటరీ లేకుండా వినే రేడియో) రాయికి బదులు అదే పని చేసే ఓఏ79 డయోడ్ వాడాను. అప్పట్లో రేడియో రిపేరు షాపులో అడిగితే ఇచ్చేవారు. చాలా ఏళ్ల తర్వాత, జియాలజీ చదివిన స్నేహితుడొకడు పల్నాడులో వినుకొండ దగ్గరి బండ్లమొట్టు సీసం గని నుంచి తెచ్చిన గెలీనా ముక్క ఒకటి నా చేతిలో పెట్టాడు. నిమ్మకాయంత ఉంటుంది, బరువు మాత్రం ఇనప గుండంత. విరిగిన చోట చిన్న చిన్న మెట్లలా, అద్దంలా మెరుస్తుంది. ఆ రాత్రే పత్రికల్లో చూపించిన పద్ధతిలో సీసం కరిగించి ఒక సోడా మూతలో పోసి, రాయిని అందులో సగం దాకా దించాను. పిన్నీసు తీగ పదును చేసి దానిమీద ఆనించాను. ఏరియల్ డాబా మీంచి వేపచెట్టు దాకా లాగిన అరవై అడుగుల రాగి తీగ. ఎర్తు బోరు గొట్టానికి.

ఏమీ వినబడలేదు. తీగ మొనను వెంట్రుకవాసి జరిపాను. లేదు. ఇంకో మెట్టు మీద పెట్టాను, ఇంకోటి, ఇంకోటి. గట్టిగా నొక్కితే పనిచేయదు, మరీ తేలిగ్గా ఉంటే నిలవదు. అరగంట గడిచాక, విజయవాడ స్టేషన్ 837 కిలోహెర్ట్జ్ మీద వార్తలు చదువుతున్న గొంతు ఒక్కసారిగా చెవిలోకి వచ్చింది, పక్క గదిలోంచి మాట్లాడినట్టు. ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. వీధిలో లారీ వెళ్లింది. బల్ల సన్నగా కదిలింది. గొంతు పోయింది. మళ్లీ వెతుకులాట. 1910లో పిల్లాడు ప్రతి రాత్రి చేసిన పని ఇదే. ఆ వెతుకులాట చేసిన చేతికి మిగతా విద్యంతా తేలిగ్గా అబ్బుతుందని నా నమ్మకం.

ఇంతలో గొడవలు మొదలయ్యాయి. స్పార్క్ సెట్టు సిగ్నల్ డయల్ మీద ఒక్క చోట ఆగదు, చుట్టుపక్కల అన్నిటి మీదా పడుతుంది. పిల్లలు కబుర్లు చెప్పుకుంటుంటే మా ఓడల సందేశాలు వినబడటం లేదని నేవీ ఫిర్యాదు చేసింది. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగినప్పుడు పుట్టిన తప్పుడు వార్తల్లో కొంత నింద కూడా అమెచ్యూర్ల మీద పడింది. ఆ ఏడాది ఆగస్టు 13న అమెరికాలో రేడియో చట్టం వచ్చింది. లైసెన్సు తప్పనిసరి, ఒక కిలోవాట్ మించకూడదు, తరంగదైర్ఘ్యం (అల పొడవు) 200 మీటర్లు దాటకూడదు.

ఈ 200 మీటర్ల సంగతి కొంచెం నిదానంగా చదవండి, తర్వాతి కథంతా దీనిమీదే నడుస్తుంది. అప్పటి నిపుణుల లెక్క ప్రకారం అల ఎంత పొడవైతే అంత దూరం పోతుంది. అమెరికా నేవీ ఓడలతో కొలతలు తీసి దానికో సూత్రం కూడా కట్టారు, ఆస్టిన్-కోహెన్ సూత్రం అంటారు. అందుకే సముద్రాలు దాటే స్టేషన్లు వేల మీటర్ల అలలు వాడేవి, వాటికి కొండంత ఏరియళ్లు కట్టేవారు. 200 మీటర్ల లోపు అలలు ఎందుకూ పనికిరావని అందరి అభిప్రాయం. పనికిరాని బంజరు ఏదో పిల్లలకి పడేస్తే వాళ్లంతట వాళ్లే విసుగొచ్చి మానేస్తారని అనుకున్నారు. నేల వెంట పాకే అల విషయంలో ఆ సూత్రం తప్పు కాదు. పైకి వెళ్లి ఆకాశం నుంచి తిరిగొచ్చే అల ఒకటుందని మాత్రం అందులో లేదు.

ఇప్పుడు రెండో పత్రిక. కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో హైరమ్ పెర్సీ మాక్సిమ్ అని ఇంజనీరు, నలభై అయిదేళ్ల మనిషి. తుపాకీ చప్పుడు తగ్గించే సైలెన్సర్ కనిపెట్టింది ఈయనే. మెషిన్‌గన్ మాక్సిమ్ ఈయన తండ్రి. అప్పట్లో ఆడియన్ అనే వాల్వు (సిగ్నల్‌ని పెంచే గాజు బల్బు) దొరకడం గగనం. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒకరి దగ్గర ఒకటి అమ్మకానికి ఉందని తెలిసి రేడియోలో అడగబోయాడు. మధ్య దూరం నలభై కిలోమీటర్లే. సిగ్నల్ అందలేదు. దారిలో విండ్సర్ లాక్స్ అనే ఊళ్లో ఉన్న ఇంకో అమెచ్యూర్‌కి ఇచ్చి, అతని చేత ముందుకి పంపించాడు. పని జరిగింది. ఒకడు అందించగలిగితే పదిమంది వరసగా అందిస్తే దేశం దాటదా అన్న ఆలోచన ఆయనకి అక్కడ వచ్చింది. 1914లో, ఇంకా ఇరవై ఏళ్లు నిండని క్లారెన్స్ టస్కా అనే కుర్రాడితో కలిసి అమెరికన్ రేడియో రిలే లీగ్ పెట్టాడు. ఏడాది గడవకముందే 200కి పైగా రిలే స్టేషన్లు చేరాయి. 1915 డిసెంబర్‌లో ఇద్దరూ సొంత డబ్బుతో క్యూఎస్‌టీ అనే పత్రిక తెచ్చారు. టెలిగ్రాఫ్ కోడులో క్యూఎస్‌టీ అంటే "స్టేషన్లన్నిటికీ" అని పిలుపు.

గెర్న్స్‌బ్యాక్ పత్రికకీ దీనికీ తేడా ఒక్క మాటలో చెప్పొచ్చు. అది పాఠకుడికి చెప్పే పత్రిక, ఇది పాఠకుడు చెప్పే పత్రిక. ఏ ఊరినుంచి ఏ ఊరికి రాత్రిళ్లు దారి బావుంది, ఎవరు సందేశాన్ని తీసుకుని మధ్యలో వదిలేశారు, ఎవరు ఇతరుల మీద పడి పాడుచేస్తున్నారు, అన్నీ అందులోనే. అలా పాడుచేసేవాళ్లని ఉతికి ఆరేస్తూ "ముసలాయన" అన్న పేరుతో ఒకరు వ్యాసాలు రాసేవారు. పాఠకులు వాటికోసం ఎదురుచూసేవారు. ఆ ముసలాయన మాక్సిమే అని 1936లో ఆయన పోయాక గానీ అందరికీ తెలియలేదు. రిలే కూడా పేరుకే కాదు. 1917 ఫిబ్రవరిలో న్యూయార్క్ నుంచి కాలిఫోర్నియాకి సందేశం వెళ్లి, జవాబు తిరిగి రావడానికి పట్టింది గంటా ఇరవై నిమిషాలు.

అచ్చులో పాఠకుడి గొంతుకి ఉండే విలువ నాకు సొంత అనుభవంలో తెలిసింది. ఇంటర్ చదివేటప్పుడు ఒక పత్రికలో రెండు ట్రాన్సిస్టర్ల రిసీవర్ సర్క్యూట్ వస్తే పాకెట్ మనీ అంతా పెట్టి కట్టాను. పనిచేయలేదు. విప్పి మళ్లీ కట్టాను. రెండో ట్రాన్సిస్టర్ బీసీ148 వేలు కాలేంత వేడెక్కింది. నాకే రాదనుకుని వారం రోజులు దాని జోలికి పోలేదు. వచ్చే నెల సంచికలో అంగుళం మేర సవరణ వచ్చింది. ట్రాన్సిస్టర్ కాళ్లు ఎమిటర్, కలెక్టర్ తారుమారుగా అచ్చయ్యాయి, ఫలానా పాఠకుడు రాసి చెప్పాడు అని. ఆ నాలుగు లైన్లు చదివినప్పటి ఊరట ఇప్పటికీ గుర్తుంది. ఎవరో నాలాగే కట్టి, నాలాగే ఓడి, కారణం వెతికి, పోస్ట్‌కార్డు రాశారు.

ఇక ఆ పట్టీ. క్యూఎస్‌టీలో దాని పేరు "వినబడిన కాల్‌సైన్లు". ఒక స్టేషన్ కాల్‌సైన్, ఊరు, కింద ఆ నెలలో అక్కడ వినబడిన కాల్‌సైన్లు వరసగా. అప్పట్లో కాల్‌సైన్ అంకెతో మొదలయ్యేది, అమెరికాని తొమ్మిది రేడియో జిల్లాలుగా చేశారు కాబట్టి అంకె చూస్తే ప్రాంతం తెలుస్తుంది. 1 అంటే బోస్టన్ వైపు, 6 అంటే కాలిఫోర్నియా. మాక్సిమ్ కాల్‌సైన్ 1ఏడబ్ల్యు. కాలిఫోర్నియా పట్టీలో 1తో మొదలయ్యే కాల్‌సైన్ కనబడిందంటే ఖండం అవతలి గట్టు వినబడినట్టే.

ఈ పట్టీ ఎందుకు గొప్పదో చూడండి. సూత్రం ప్రకారం 200 మీటర్ల అల కొన్ని పదుల మైళ్లలో చచ్చిపోవాలి. పగలు చచ్చిపోతోంది కూడా. కానీ చలికాలం రాత్రిళ్లు వందల మైళ్లు, ఒక్కోసారి వేయి మైళ్ల అవతల వినబడుతోంది. ఒక్కరికి వినబడితే అది వింత అని కొట్టేయొచ్చు. వినేవాడి భ్రమ అనొచ్చు. నెలనెలా, ఒకరికొకరు తెలియని కుర్రాళ్లు, వేరువేరు ఊళ్లనుంచి, అవే కాల్‌సైన్లు రాసి పంపుతుంటే ఏమంటారు? ఏ ప్రయోగశాలకీ దేశమంతా పరుచుకున్న అన్ని చెవులు లేవు. పత్రిక ఆ చెవులన్నిటినీ ఒక పేజీ మీదకి చేర్చింది. ఆ పిల్లలు పరిశోధన చేస్తున్నామని అనుకోలేదు. తమ పేరు అచ్చులో చూసుకోవాలని రాశారు. అయినా అది పరిశోధనే.

1917 ఏప్రిల్‌లో అమెరికా యుద్ధంలోకి దిగగానే అమెచ్యూర్ స్టేషన్లన్నీ మూసేశారు. వినడానికి కూడా వీల్లేదన్నారు. ఆ సెప్టెంబర్ తర్వాత క్యూఎస్‌టీ ఆగిపోయింది. యుద్ధం ముగిశాక రేడియో మొత్తాన్ని నేవీ చేతికిచ్చే బిల్లు వస్తే మాక్సిమ్ వెళ్లి దానికి వ్యతిరేకంగా వాంగ్మూలం ఇచ్చాడు. గెర్న్స్‌బ్యాక్ కూడా తన పత్రికలో పోరాడాడు. బిల్లు వీగిపోయింది. 1919లో లీగ్ పాత సభ్యుల దగ్గర అప్పు పత్రాల మీద డబ్బు తీసుకుని టస్కా నుంచి క్యూఎస్‌టీని కొనుక్కుంది. ఆ రోజునుంచి పత్రిక ఆపరేటర్ల సొంతం. మీ ప్రశ్నకి ఇది చాలా ముఖ్యం: ఏ దుకాణమూ దాని యజమాని కాదు. అక్టోబర్ 1న మళ్లీ పంపడానికి అనుమతి వచ్చింది. అదే ఏడాది జూలైలో గెర్న్స్‌బ్యాక్ రేడియో అమెచ్యూర్ న్యూస్ మొదలుపెట్టాడు, ఏడాదికే పేరులో అమెచ్యూర్ తీసేసి రేడియో న్యూస్ అన్నాడు. ఎందుకంటే గాలి మారింది. పిట్స్‌బర్గ్ దగ్గర ఫ్రాంక్ కాన్రాడ్ అనే అమెచ్యూర్ తన గ్యారేజీలోంచి గ్రామఫోన్ రికార్డులు వేస్తుంటే ఊరంతా వినడం మొదలుపెట్టింది. ఆయన పనిచేసే వెస్టింగ్‌హౌస్ కంపెనీ 1920 నవంబర్ 2న కేడీకేఏ స్టేషన్ తెరిచింది. వినేవాళ్ల మార్కెట్టు పంపేవాళ్ల మార్కెట్టు కంటే ఎన్నో రెట్లు పెద్దది, గెర్న్స్‌బ్యాక్ అటు నడిచాడు. ఆయన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ తర్వాతి అద్భుతం జరిగింది రెండో పత్రికలో.

పట్టీలు చూసి చూసి, రాత్రి ఖండం దాటుతున్నది సముద్రం దాటదా అనుకున్నారు. 1921 ఫిబ్రవరిలో అమెరికా స్టేషన్లు పంపితే బ్రిటన్ అమెచ్యూర్లు చెవులు రిక్కించి కూర్చున్నారు. ఏమీ వినబడలేదు. రిసీవర్లలో లోపమా, అలలోనే లోపమా తేలాలి కదా. అందుకని లీగ్ ఆ డిసెంబర్‌లో అమెరికాలో పేరున్న రిసీవర్ నిపుణుడు పాల్ గాడ్లీని సెట్టుతో సహా ఓడెక్కించి పంపింది.

గాడ్లీ స్కాట్లాండ్ పడమటి ఒడ్డున ఆర్డ్రోసాన్ దగ్గర, సముద్రపు నాచు పడి ఉన్న పొలంలో గుడారం వేశాడు. డిసెంబర్ చలి, వాన, గాలి. వెయ్యి అడుగులకు పైగా తీగని పొట్టి గుంజల మీద అమెరికా వైపు గురిపెట్టి లాగాడు. బెవరేజ్ ఏరియల్ అంటారు దాన్ని. మార్కోని కంపెనీ ఇన్‌స్పెక్టర్ ఒకాయన సాక్షిగా పక్కనే కూర్చున్నాడు. రాత్రంతా మేలుకోవడం, తెల్లారి తడి బట్టలతో నిద్ర. అటు కనెక్టికట్‌లోని గ్రీనిచ్‌లో 1బీసీజీ అని ఆరుగురు మిత్రులు ఈ పరీక్ష కోసమే కట్టిన స్టేషన్. అందులో ఒకడు ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్, బలహీనమైన సిగ్నల్‌ని అదే వాల్వులో తిప్పి తిప్పి పెంచే రీజనరేటివ్ సర్క్యూట్ కనిపెట్టినవాడు. చిన్నప్పుడు న్యూయార్క్ పక్కన యాంకర్స్‌లో ఇంటి దగ్గర 125 అడుగుల ఏరియల్ స్తంభం నిలబెట్టిన పిల్లాడు అతనే. వాళ్ల అల 200 మీటర్లకి కాస్త పైన, 230 చుట్టుపక్కల, శక్తి ఒక కిలోవాట్ లోపు, స్పార్క్ కాదు, వాల్వులతో.

ఆ పరీక్షల్లో గాడ్లీ చెవికి 1బీసీజీ స్పష్టంగా అందింది. అక్షరం పొల్లుపోకుండా ఒక పూర్తి సందేశం రాసుకున్నాడు. తేదీ డిసెంబర్ 11. "హృదయపూర్వక అభినందనలు" అని, కింద ఆరుగురి ఇంటిపేర్లు: బర్గార్డ్, ఇన్మన్, గ్రైనన్, ఆర్మ్‌స్ట్రాంగ్, ఏమీ, క్రాంకైట్. అంతే సందేశం. గాడ్లీ అలా పాతిక దాకా స్టేషన్లు విన్నాడు, ఈసారి బ్రిటన్ అమెచ్యూర్లు కొందరు కూడా తమ ఇళ్లలోనే విన్నారు. వినబడినవాటిలో ఎక్కువ వాల్వు సెట్లే. దాంతో స్పార్క్ కాలం ముగిసిందని వేరే ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఈ పరీక్ష తర్వాతి క్యూఎస్‌టీలో గాడ్లీ నివేదిక ఉంటుంది. గంట గంటకీ ఏం వినబడిందో రాసుకున్న ఆ లాగ్ నిజానికి గుడారంలోంచి పంపిన "వినబడిన కాల్‌సైన్ల" పట్టీయే.

అక్కణ్నుంచి పరుగే. అల ఇంకా పొట్టిదైతే ఏమవుతుందో చూద్దామన్నారు. 1923 నవంబర్‌లో ఫ్రాన్స్‌లోని నీస్ నుంచి లియోన్ డెలాయ్, కనెక్టికట్‌లో ఫ్రెడ్ ష్నెల్, జాన్ రైనార్ట్జ్ 110 మీటర్ల మీద అట్లాంటిక్ అటూఇటూ మాట్లాడుకున్నారు. ఆకాశంలో అలను తిప్పి పంపే పొర ఉందని భౌతికశాస్త్రవేత్త ఆపిల్టన్ ఇంగ్లండులో కొలిచి చూపించింది 1924 డిసెంబర్‌లో. అంటే కారణం తేలేసరికి అమెచ్యూర్లు ఆ దారిలో అప్పటికే అటూఇటూ తిరుగుతున్నారు.

మనకి సంబంధించిన ముక్క ఇక్కడుంది. 1924 అక్టోబర్ 18న లండన్ ఉత్తరాన మిల్ హిల్ స్కూల్లో చదివే సెసిల్ గాయ్డర్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు, స్కూలు స్టేషన్ 2ఎస్‌జెడ్ నుంచి న్యూజిలాండ్‌లో గొర్రెల క్షేత్రం నడిపే ఫ్రాంక్ బెల్‌తో మాట్లాడాడు. భూగోళానికి దాదాపు అవతలి వైపు. ఆ గాయ్డరే 1936లో ఇండియా వచ్చి ఆలిండియా రేడియో చీఫ్ ఇంజనీర్ అయ్యాడు. ఇంత పెద్ద దేశాన్ని తక్కువ ఖర్చుతో అందుకోవాలంటే షార్ట్‌వేవ్, అంటే ఆ పొట్టి అలలే, కావాలని ఢిల్లీ, బొంబాయి, మద్రాసు, కలకత్తాల్లో షార్ట్‌వేవ్ స్టేషన్లు పెట్టించాడు. 1938 జూన్ 16న మొదలైన మద్రాసు కేంద్రం నుంచే మన ఇళ్లకి తెలుగు ప్రసారాలు వచ్చేవి. 1948 డిసెంబర్‌లో విజయవాడ కేంద్రం వచ్చేదాకా కోస్తా ఊళ్లకి అదే దిక్కు. పనికిరాదని పిల్లలకి పడేసిన ఆ బంజరు మీదుగానే మన తాతలు తెలుగు విన్నారు.

మన దేశంలో అమెచ్యూర్ లైసెన్సులు 1921లోనే మొదలయ్యాయి. కలకత్తాకి చెందిన అమరేంద్ర చంద్ర గుప్తు, ముకుల్ బోస్ తొలివాళ్లు. మద్రాసులో కృష్ణస్వామి చెట్టి, మిత్రులు కలిసి 1924లో మద్రాస్ ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ పెట్టి, ఆ జూలై 31 నుంచి ప్రసారాలు చేశారు. డబ్బు చాలక 1927లో ఆపేసి, ట్రాన్స్‌మిటర్‌ని మద్రాసు కార్పొరేషన్‌కి ఇచ్చేశారు. హాబీగా చేసేవాళ్లు దారి వేశారు, సర్కారు వెనక వచ్చింది. కాకపోతే 1930ల నడిమికి దేశం మొత్తం మీద అమెచ్యూర్లు యాభై మందికి అటూఇటూ. పట్టీ నింపడానికి ఆ సంఖ్య చాలదు. మన దగ్గర రాసుకునే పత్రిక సంస్కృతి రాకపోవడానికి తెలివి లేకపోవడం కాదు, అంతమంది లేకపోవడమే కారణమని నా అభిప్రాయం. హైదరాబాద్‌లో 1983లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో వచ్చాక మనవైపు లైసెన్సు తీసుకునేవాళ్లు పెరిగారు. 2004 డిసెంబర్‌లో ఆ సంస్థ బృందం పోర్ట్‌బ్లెయిర్‌లో హామ్ (అమెచ్యూర్) స్టేషన్ నడుపుతుండగానే సునామీ వచ్చింది. ఫోన్లు తెగిపోయిన ఆ రోజుల్లో బంధువుల క్షేమ సమాచారం వాళ్ల సెట్ల మీద నడిచింది. మాక్సిమ్ చెప్పిన రిలే అదే.

మీరు ఆ పత్రికలు చదవాలనుకుంటే మొదటి సంచిక నుంచి మొదలుపెట్టకండి, విసుగొస్తుంది. ముందు 1910 ప్రాంతంలోని మోడరన్ ఎలక్ట్రిక్స్ ఒకటి తీసి పాఠకుల ప్రశ్నలు, స్టేషన్ ఫొటోలు చూడండి. ఆ తర్వాత 1922 తొలి నెలల క్యూఎస్‌టీలో గాడ్లీ నివేదిక. అది అయ్యాక అదే సంచికలో వెనక్కి వెళ్లి పట్టీ తెరిచి, ఒక ఊరు ఎంచుకుని, అక్కడ వినబడిన కాల్‌సైన్ల అంకెల్ని మ్యాపు మీద పెన్సిల్‌తో గుర్తుపెట్టండి. పది నిమిషాల్లో ఆ రాత్రి ఆకాశం ఎటు తెరుచుకుందో మీకే కనిపిస్తుంది.

చేతితో కూడా చేయాలనుంటే, మీ ఊళ్లో మీడియం వేవ్ స్టేషన్ ఇంకా గట్టిగా వినబడుతుంటే, క్రిస్టల్ సెట్టు కట్టండి. మూడు అంగుళాల పీవీసీ గొట్టం మీద 26 గేజి ఎనామిల్ తీగ 50 చుట్లు, పక్కపక్కనే, ఒకదాని మీదకి ఒకటి ఎక్కకుండా. పన్నెండో చుట్టు దగ్గర చిన్న మెలిక తీసి ఎనామిల్ గీకి ఏరియల్ అక్కడ కలపండి. ఆ మెలికకి దగ్గరున్న కొస ఎర్తుకి. పాత రేడియోలో స్టేషన్ మార్చే గ్యాంగ్ కండెన్సర్ కాయిల్ రెండు కొసల మధ్య. పై కొస నుంచి జర్మేనియం డయోడ్, దాని తర్వాత క్రిస్టల్ ఇయర్‌ఫోన్, ఇయర్‌ఫోన్ రెండో తీగ ఎర్తుకి. ఇయర్‌ఫోన్ తీగల మధ్య 47 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఒకటి పెట్టడం మర్చిపోవద్దు, లేకపోతే మాట బొంగురుగా వస్తుంది. మొబైల్‌కి పెట్టుకునే ఇయర్‌ఫోన్ దీనికి పనికిరాదు. ఉరుములప్పుడు ఏరియల్ ఊడదీసి బయట పడేయండి. రాత్రి తొమ్మిది దాటాక కూర్చోండి, పక్కన ఒక నోటు పుస్తకం పెట్టుకుని ఏ టైముకి ఏం వినబడిందో రాసుకోండి. ఏమీ రాకపోతే కాయిల్ ఫొటో పెట్టి ఇక్కడే అడగండి, చూసి చెబుతాను.